తలుపు దగ్గర వంగే సిపాయి

మా చెల్లెలికి పట్టపగలు పూనకం వస్తోందని వాళ్ల పక్కింటావిడ కూరల బండి దగ్గర మా ఆవిడతో చెప్పిందట. ఉదయం పది దాటిందంటే చాలు, తలుపులేసుకుని, కిటికీలు బిడాయించుకుని లోపల ఒకటే అరుపులట. "లే, లే, నేనొచ్చాగా!" అంటుందట. "కుడివైపు, కుడివైపు!" అంటుందట. మధ్యలో పకపకా నవ్వుతుందట. సమ్మెలో ఉన్న మొగుడు ఇంట్లోనే ఉన్నాడు కదా, అతనితోనే అనుకుందామంటే, మగగొంతు ఒక్కసారైనా వినపడలేదట. "ఒకళ్ల సంసారం సంగతి నాకెందుకమ్మా, నేనెవరితోనూ అనను కూడా" అని, ఆ సంగతి అప్పటికే నాలుగిళ్లకు పంచి వచ్చిందట.

మా ఆవిడ ఆ కబురును సంచిలోని కూరగాయలతో పాటు తెచ్చి నా ముందు కుమ్మరించింది.

"మీ చెల్లెలే కదా, ఓసారి వెళ్లి చూసి రారాదూ? జనం నోట్లో పడితే నమిలి నమిలి గానీ వదలరు."

"ఏదో సినిమా చూస్తుంటుందిలే."

"సినిమా చూస్తూ 'లే, లే' అని ఎవరంటారండీ?"

"నువ్వనవూ, హీరో పడిపోతే?"

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మీరిలా నవ్వారంటే ఏదో దాస్తున్నట్టే" అని లోపలికి వెళ్లిపోయింది.

అప్పటికి సమ్మె మొదలై పన్నెండు రోజులు. నేను దాస్తున్న సంగతికి మూడు రోజులు. ఆ వేసవి తలపుకొస్తే ఇప్పటికీ ముందు నా నవ్వే నాకు వినిపిస్తుంది.

మాది పుస్తకాలు అచ్చువేసే ప్రెస్సు. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. డిగ్రీ చదివి, ఊళ్లో నాగలి పట్టలేక, ఎర్ర కలం పట్టినవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఒకళ్ల తప్పులు పట్టడమే నా కూడు. పేజీలో దొర్లిన తప్పును చూసి, అది కంపోజు చేసిందెవరో చెప్పేస్తాను. చేతిరాత మార్చుకోవచ్చు గానీ చేతి తప్పును ఎవరూ మార్చుకోలేరు.

బడులు తెరిచేలోపు పాఠ్యపుస్తకాలు అందించాలి. అందుకని వేసవి మూడు నెలలూ ప్రెస్సుకు కోతల కాలం. ఆ ఏడు వేగం చాలడం లేదని అంచులు కోసే మిషనుకున్న కాపు కన్ను పీకేశారు. చెయ్యి అడ్డమొస్తే కత్తిని గాల్లోనే ఆపేసే కన్ను అది. పీకేసిన నాలుగో రోజున బైండింగ్ అక్క కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. పదిహేడేళ్లుగా ఆ మిషను పక్క బల్ల దగ్గర పనిచేసిన మనిషి. మా అందరికీ అక్కే, పేరెట్టి పిలిచినవాళ్లు లేరు. కట్టు విప్పకముందే "ఇక రానక్కర్లేదు" అని మేనేజరు కబురంపాడు.

కన్ను తిరిగి బిగించాలి. అక్కను తిరిగి తీసుకోవాలి. ఈ రెండు మాటల మీదే సమ్మె.

మొదటి రోజు పొద్దున్నే కత్తి ఇంటి డాబా మీద కూచున్నాం. కత్తి అంటే పెద్ద కోత మిషను నడిపేవాడు, యూనియన్ కార్యదర్శి. మిషనూ మాటా రెండూ పదునే కాబట్టి ఆ పేరు.

"గేటు దగ్గర గుమిగూడకుండా కోర్టు కాగితం తెచ్చుకున్నారు" అన్నాడు. "ఇక మనల్ని ఒక్కొక్కణ్ణీ ఇళ్ల దగ్గర పట్టుకుంటారు. మందలో ఉన్న గొర్రెను తోడేలు ముట్టదు. విడిగా మేసేదాన్నే లాక్కెళ్తుంది."

"అంటే మేం గొర్రెలమా?" అన్నాడు మా బావ.

"నువ్వు పొట్టేలువి. వాళ్ల కన్నంతా నీ మీదే."

అందులో అబద్ధం లేదు. పుస్తకాలకు కావలసిన అచ్చు ప్లేట్లన్నీ నెల ముందే తయారై బీరువాల్లో ఉన్నాయి. కోత, కుట్టు బయట ఎక్కడైనా చేయించుకోవచ్చు. లేనిదల్లా నాలుగు రంగుల పెద్ద మిషను నడిపే చెయ్యి. ఆ చెయ్యి మా బావది. అతనూ నేనూ ఒకే ఏడు పనిలో చేరాం, ఒకే కంచంలో తిన్నాం. ఆ స్నేహం మీద నేనే మా చెల్లెల్నిచ్చి బావను చేసుకున్నాను.

ఉపాయం చెప్పింది అద్దాలు. ప్లేట్లు చేసేవాడు, సీసా అడుగుల్లాంటి కళ్లజోడు పెట్టుకుంటాడు.

"మన పాత ఆట ఉంది కదరా!" అన్నాడు.

ఇరవై ఏళ్ల కిందట, పెళ్లిళ్లు కాని రోజుల్లో, డ్యూటీ దిగాక కంపోజింగ్ గదిలో నాలుగు కంప్యూటర్ల ముందు కూచుని నలుగురం ఒకే ఆట ఆడేవాళ్లం. తర్వాత ప్రెస్సువాళ్లు ఆ కంప్యూటర్లను మూలన పడేస్తే తలా ఒకటి ఇంటికి మోసుకొచ్చుకున్నాం. ఆటను చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కొత్త కంప్యూటర్లలో అది కదలనే కదలదు. మా పాత డబ్బాల్లో మాత్రం బతికే ఉంది.

"ఇళ్ల నుంచే నలుగుర్నీ కలిపేస్తాను" అన్నాడు అద్దాలు. "డ్యూటీ టైము ఎంతో అంతా, పొద్దున పది నుంచి అయిదు దాకా ఆటలో ఉండాలి. తెర మీద పేరుంటే మనిషి ఇంట్లో ఉన్నట్టు. లేదా, వెంటనే వెళ్లి తలుపు తడతాం. అదే మన హాజరు."

కత్తి తల గోక్కున్నాడు. "నలభై దాటిన గాడిదలు నలుగురు సమ్మె పేరు చెప్పి వీడియో గేములాడారని తెలిస్తే నా పరువేం కాను?" అని, అంతలోనే, "ఈసారి పెద్ద తుపాకీ నాకే. ముందే చెబుతున్నా" అన్నాడు.

నీడపట్టున కూచున్న బైండింగ్ అక్క కట్టుకట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఇదంతా వింటోంది. "నాకోసం ఎండలో నిలబడతారనుకున్నాను తమ్ముడూ. కుర్చీల్లో కూచుని ఆటాడతారా?" అంది. "సరే, ఆడండి. వాడు కదలకుండా ఉంటే అదే పదివేలు." వాడు అంటూ మా బావ వైపు గడ్డం చూపించింది. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడు.

ఆట సంగతి నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఎక్కడో వేరే గ్రహం మీద గని. అందులో మనుషులందరూ చచ్చిపోయారు. పీతల్లాంటి పురుగులు గోడల్లోంచి పుట్టుకొస్తాయి. నలుగురు సిపాయిలు దిగి, గది తరవాత గది దాటుకుంటూ, చివరికి పైకి తీసుకుపోయే నౌక దగ్గరికి చేరాలి. నలుగురి తలలకూ ఇనప టోపీలే, మొహాలుండవు. టోపీ మీద పేరు తేలుతుంటుంది. ఒకడు పడిపోతే వాడి తెర ఎర్రబడుతుంది. పదిహేను సెకన్లలో ఇంకొకడు వచ్చి లేపాలి. లేపకపోతే వాడంతే.

ఇరవై ఏళ్ల తరవాత మళ్లీ ఆ గనిలోకి దిగితే నవ్వొచ్చింది. ఒకప్పుడు గుండెలదిరిన పురుగులు ఇప్పుడు అట్టముక్కలు అతికించినట్టున్నాయి. మైళ్ల పొడుగనుకున్న దారి మా పేపరు గోదాం అంత కూడా లేదు. అయినా మొదటి పురుగు గోడలోంచి దూకగానే నలుగురం ఒకేసారి కెవ్వుమన్నాం. ఆట ముసలిదయింది, మేమూ ముసలివాళ్లమయ్యాం. వేళ్లు మొరాయించాయి. చిత్రంగా, ఏ మూల ఏ పురుగు పొంచి ఉంటుందో మాత్రం వేళ్లకే గుర్తుంది.

బావ ఆట కూడా ఏమీ మారలేదు. నాయకుడు అతనే. తలుపు కనిపిస్తే తన్నుకుని దూరడం, వెనక ఎవడు పడ్డాడో చూడకపోవడం. పాతరోజుల్లో చివరి అంకం మేం ఒక్కసారీ నలుగురం దాటలేదు. బావ అందరికన్నా ముందు నౌకెక్కి, మీట నొక్కేసి, మమ్మల్ని పురుగులకొదిలి ఎగిరిపోయేవాడు. తిడితే, "ఒక్కడు బతికినా గెలిచినట్టే కదరా, తెర మీద రాశాడు చూడు" అనేవాడు. రాసే ఉండేది.

ఎనిమిది రోజులు అలాగే ఆడాడు. ఎనిమిదో రోజు సాయంత్రం, తన మైకు పాడైందనీ, ఇక మాటలుండవనీ కబురు పెట్టాడు. "మంచిదే, నీ బూతులు వినే బాధ తప్పింది" అన్నాడు కత్తి.

తొమ్మిదో రోజున నేను మూడో గదిలో పడిపోయాను. తెర ఎర్రబడింది. బావ అప్పటికే చాలా ముందున్నాడు. ఇక ఆశ లేదని టీ గ్లాసు అందుకున్నాను. చూస్తే బావ సిపాయి వెనక్కి పరుగెత్తుకొస్తున్నాడు. వచ్చి, నాకు అడ్డంగా నిలబడి, రెండు పురుగుల్ని కాల్చి, వంగి లేపాడు.

"మీ బావేనా రా?" అన్నాడు కత్తి చెవిలో.

"సమ్మె మనిషిని మారుస్తుందిరా" అన్నాడు అద్దాలు భక్తిగా.

నేనూ అదే అనుకున్నాను. తరవాత ఇనప ద్వారం వచ్చింది. ఏనుగు దూరేంత ద్వారం. దాని ముందు బావ సిపాయి ఆగి, మోకాళ్లు మడిచి, తల వంచి దాటాడు. తరవాతి ద్వారం దగ్గరా అంతే. ఆ తరవాతా అంతే.

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

మా చెల్లెలు పద్నాలుగో ఏట చదువుకని నా దగ్గరికి వచ్చింది. అప్పుడు నేనున్న అద్దెగదికి ద్వారం పొట్టి. వచ్చిన మొదటి రోజే నుదురు కొట్టుకుని మూడు కుట్లు పడ్డాయి. ఆదివారాలు ఒంటరిగా వదల్లేక కంపోజింగ్ గదికి తీసుకెళ్లేవాణ్ణి. ఎవడైనా రాకపోతే వాడి కుర్చీలో కూచుని ఆడేది. ఎంత పెద్ద ద్వారమైనా సరే, సిపాయిని వంచి దాటించేది. మేం వెక్కిరిస్తే, "తలుపు కనిపిస్తే తల దానంతటదే వంగుతుందన్నయ్యా, నేనేం చెయ్యను" అనేది. ఆ సంగతి కత్తీ అద్దాలూ ఎప్పుడో మరిచిపోయారు. తప్పులు గుర్తుపెట్టుకోవడం నా పని.

ఒక్క మాట చాలు. మైకు నా నోటి ముందే ఉంది. "ఒరేయ్, మా బావ ఇంట్లో లేడు" అంటే అయిపోయేది. కత్తి లేచి చెప్పులు తొడుక్కునేవాడు.

అనలేదు. పంటి నొప్పని డాక్టరు దగ్గరికి వెళ్లుంటాడు, ఊరికే బజారుకు వెళ్లుంటాడు అని ఆ క్షణాన నాకు నేనే సాకులు అల్లుకున్నాను. అసలు సంగతి వేరే. పెళ్లయ్యాక ఆమెకూ నాకూ మధ్య మాటలు "బాగున్నావా", "బాగున్నా" దగ్గర ఆగిపోయాయి. నలుగురిలో కలుస్తాం, పిల్లల సంగతులడుగుతాం, వచ్చేస్తాం. ఆ పొట్టి ద్వారం గదిలో నాతో ఉన్న, ఆటలో నా ప్రాణానికి తన ప్రాణం అడ్డువేసే పిల్ల పదహారేళ్ల తరవాత ఇనప టోపీ పెట్టుకుని మళ్లీ వచ్చింది. వెళ్లగొట్టబుద్ధి కాలేదు.

ఇంకో ద్వారం వచ్చింది. నేను కూడా వంగే మీట నొక్కాను. నా సిపాయి తల వంచి దాటాడు.

ముందున్న సిపాయి ఆగాడు. వెనక్కి తిరిగి నా వైపే చూస్తూ నిలబడ్డాడు. మొహం లేని మొహం. ఉన్నచోటనే ఒకసారి చిన్నగా ఎగిరి, మళ్లీ ముందుకు కదిలాడు.

"ఏమయిందిరా మీ బావా బావమరుదులకి?" అన్నాడు కత్తి. "ఇద్దరికీ ఒకేసారి నడుం పట్టేసిందా?"

"వయసురా" అన్నాను.

పక్కింటావిడ కబురు వచ్చింది ఆ తరవాతే. నేను నవ్వింది అందుకే.

పద్దెనిమిదో రోజు ఆదివారం. ఆదివారం హాజరు లేదు. మా ఆవిడ పోరు పడలేక చెల్లెలింటికి వెళ్లాను. ఆమె తలుపు తీసింది. నేను ఆ తలుపు దాటుతూ, అవసరం లేకపోయినా, కొంచెం తల వంచాను. ఆమె చూసి మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

బావ మంచం మీద బోర్లా పడి నిద్రపోతున్నాడు. మిట్టమధ్యాహ్నం, ఒళ్లు తెలియని నిద్ర. మంచం మీద నుంచి ఒక చెయ్యి కిందికి వేలాడుతోంది. గది నిండా కిరసనాయిలు వాసన. మా పనిలో చేతుల సిరా వదలడానికి కిరసనాయిలుతోనే కడుక్కుంటాం. పని మానేసిన వారానికి గోళ్లు తెల్లబడాలి. బావ గోళ్ల మొదట్లో నీలం రంగు పచ్చిగా మెరుస్తోంది.

చెల్లెలు టీ తెచ్చింది. నేను ఆ చేతిని చూడ్డం ఆమె చూసింది. వెళ్లి, ఆ చేతిని మంచం మీదికెత్తి దుప్పటి కప్పింది.

"మైకు బాగుచేయించుకోమను మీ ఆయన్ని" అన్నాను.

"ఎందుకన్నయ్యా? మాటల్లేకపోతేనే ఆట బాగుంది."

"కత్తికి అనుమానమొస్తే?"

"అనుమానాలు పట్టేవాడివి నువ్వు కదా."

టీ వేడిగా ఉంది. తాగేశాను. ఇంకేమైనా అడుగుతానేమోనని ఆమె గుమ్మం దాకా వచ్చి నిలబడింది. "వదిన్ని అడిగానని చెప్పు" అంది. "పంపు నీళ్లు సరిగ్గా వస్తున్నాయా?" అని అడిగి వచ్చేశాను.

దారిలో బైండింగ్ అక్క ఎదురైంది. కట్టు విప్పారు. మిగిలిన మూడు వేళ్లతో సంచి మోస్తోంది.

"హాజరు సరిగ్గా పడుతోందా తమ్ముడూ?"

"పడుతోందక్కా. నలుగురం ఉంటున్నాం."

"మీ బావ?"

"ఒక్క రోజు తప్పలేదు."

అక్క ఆ మాటకు నా తల మీద చెయ్యి పెట్టి దీవించింది. మూడు వేళ్లే తగిలాయి.

ఇరవై ఆరో రోజున మేం చివరి అంకానికి చేరాం. నౌక తలుపు తెరుచుకుంటే తొంభై సెకన్లు. పురుగులు వానపాముల్లా నేలలోంచి లేస్తున్నాయి. కత్తి ఎక్కాడు, అద్దాలు ఎక్కాడు. చెల్లెలు, అంటే తెర మీద మా బావ, అందరికన్నా ముందే నౌకలో ఉన్నాడు. నేను నలభై అడుగుల దూరంలో పడిపోయాను.

"మీట నొక్కేస్తాడు చూడు" అన్నాడు కత్తి. "పాత బుద్ధి ఎక్కడికి పోతుంది!"

ఆ సిపాయి నౌక దిగాడు. పురుగుల మధ్యనుంచి వచ్చాడు. నాకు అడ్డం నిలబడి కాల్చాడు, లేపాడు, నన్ను ముందుంచి తను వెనక్కి వెనక్కి నడుస్తూ కాపలా కాశాడు. నౌక ద్వారం దగ్గర ఇద్దరం ఒకేసారి తల వంచాం. తలుపు పడింది. నలుగురం ఉన్నాం. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

అద్దాలు చెవుల్లో బావురుమన్నాడు. కత్తి బల్ల చరిచి, "సమ్మె గెలిచామురా! ఇది శకునం! మీ బావ బంగారం రా, ఇన్నాళ్లూ అపార్థం చేసుకున్నాను" అని అరిచాడు. ఆ సాయంత్రం అందరి ఇళ్లకూ వెళ్లి, "వెనక్కొచ్చి లేపాడక్కా, వాణ్ణి చూస్తే నమ్మకం కుదిరింది" అని బైండింగ్ అక్కతో సహా అందరికీ చెప్పుకొచ్చాడు.

నేనూ ఆ పూట కళ్లు తుడుచుకున్నాను. సరిగ్గా అదే గంటకు పెద్ద మిషను మీద ఆఖరి పుస్తకం ఆఖరి పేజీల ఫారం తిరుగుతోందని ఆనక లెక్క చూసుకుంటే తేలింది. బావ పేపరు వ్యానులో, రీళ్ల మధ్య కూచుని, రోజూ వెనక గేటు నుంచి లోపలికి వెళ్లేవాడట. పొద్దున పదికి లోపలికి, అయిదుకు బయటికి. మా హాజరు వేళలే అతనికి డ్యూటీ వేళలు.

ముప్పై మూడో రోజు మిట్టమధ్యాహ్నం, నాలుగో గదిలో ఉండగా, అక్క గొంతు కత్తి మైకులోంచి వినిపించింది. వాళ్ల ఇంట్లోకి పరుగెత్తుకొచ్చినట్టుంది. "లారీలు పోతున్నాయి నాయనా! పుస్తకాలు! పదకొండు లారీలు!"

ఎవరం ఆటను ఆపలేదు. ఎక్కడి కుర్చీలు అక్కడ వదిలేసి పరుగెత్తాం.

ఆఖరి లారీ మలుపు దగ్గర నెమ్మదిస్తే అద్దాలు వెనక వేలాడి ఒక పుస్తకం లాగాడు. మూడో తరగతి పుస్తకం. అట్ట మీద చిలక బొమ్మ. కళ్లజోడు పైకెత్తి, పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాడు. పసుపు మీద నీలం, నీలం మీద ఎరుపు, వెంట్రుకవాసి కూడా పక్కకు జరగలేదు.

"ఇంత శుద్ధంగా రంగు మీద రంగు కూచోబెట్టే చెయ్యి ఈ ఊళ్లో ఒక్కటే ఉంది" అన్నాడు.

కత్తి నా వైపు చూశాడు. "రోజూ ఆటలో ఉన్నాడు కదరా?"

ముగ్గురం బావ ఇంటికి నడిచాం. అక్క కూడా వచ్చింది, వద్దన్నా.

అది జరిగి ఇప్పటికి ఆరేళ్లు. సమ్మె ఆ తరవాత నాలుగు రోజులకు చచ్చింది. కత్తినీ అద్దాల్నీ ఇంకో పదిమందినీ పనిలోంచి తీసేశారు. నన్ను తీయలేదు. అక్క ఇప్పుడు బడి ముందు పెన్సిళ్లు అమ్ముతుంది. నేనెదురైతే పలకరిస్తుంది, తమ్ముడూ అని మాత్రం అనదు. చెల్లెలిల్లు మా ఇంటికి నాలుగు వీధుల అవతలే. ఆ వీధుల్లో నేను నడిచి ఆరేళ్లు.

ఆ మధ్యాహ్నం వాళ్ల తలుపు తీసే ఉంది. లారీలు కదలగానే వదిలేసినట్టున్నారు, బావ అప్పుడే వచ్చి కుర్చీలో కూచుని చేతులు తుడుచుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. మూలన కంప్యూటరు వెలుగుతూనే ఉంది. తెర మీద నలుగురు సిపాయిలు, మేం వదిలేసినచోటే, ఒక గదిలో నిలబడి ఉన్నారు. చెల్లెలు దాని ముందునుంచి లేచి గోడకానుకుని నిలబడింది.

కత్తి తెరను చూశాడు. ఆమెను చూశాడు. అరవలేదు. అతను అరవకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

"నేనే నడిపాను" అన్నాడు బావ, ఎవరూ అడక్కముందే. "సీజను అవగానే కన్ను బిగిస్తామన్నారు. అక్కని పిలుస్తామన్నారు. మన నలుగురి జోలికీ రామన్నారు."

"నోటితో అన్నారా, కాగితం మీద రాసిచ్చారా?"

"నోటితోనే."

"ఇరవై ఏళ్లు అచ్చుపని చేసి నోటిమాట నమ్మావురా?"

బావ చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. అక్క గుమ్మంలోంచి అడిగింది: "నా బల్ల దగ్గర ఎవరున్నారు బాబూ?"

"కొత్తమ్మాయి. కోసిన పుస్తకాలు బయట్నుంచి వస్తే కట్టలు కడుతోంది. రేపటి నుంచి కోత కూడా ఇక్కడే అంటున్నారు."

"కన్ను బిగించారా?"

బావ తల అడ్డంగా ఊపాడు.

అక్క మూడు వేళ్ల చెయ్యిని కొంగులో దాచుకుంది. అదెందుకో నాకు భరించరాకుండా అయింది. నాలోని కోపమంతా ఒక్కసారి దారి వెతుక్కుని చెల్లెలి మీదికి పోయింది. కత్తి వింటున్నాడు, అద్దాలు వింటున్నాడు అన్న ఎరుక కూడా ఆ కోపంలో ఉంది. గొంతు పెద్దది చేశాను.

"కడుపులో పెట్టుకుని పెంచాను కదే నిన్ను! మొగుడు మోసం చేశాడంటే వాడు పరాయివాడు, సరిపెట్టుకుంటాం. నువ్వు వాడి వేషం కట్టి, వాడి పేరు తగిలించుకుని, ఇన్ని రోజులు మా కళ్లల్లో కారం కొడతావా? అక్క చేతికేసి చూడు. చూసి చెప్పు. నిన్ను నమ్మాం. మేం నలుగురం మనుషులం, నమ్మి మోసపోయాం!"

ఆమె అక్క చేతికేసి చూసింది, నేను చెప్పినట్టే. చూసి, తల వంచుకోలేదు.

"'మేం' అనకన్నయ్యా. వాళ్లు నమ్మారు. నువ్వు మొదటిరోజు నుంచీ నా వెనకే ప్రతి తలుపు దగ్గరా వంగుతూ వచ్చావు."